పట్టాలవతలి పూలకిరీటం

సోకేష్టి పట్నంలో ఏ పిల్లవాడు ఎంత బాగా చదివాడో మే నెలలోనే తెలిసిపోయేది. అందుకు బడికి వెళ్ళక్కర్లేదు, చర్చి గోడ పక్కనున్న జాంఫీర పూలకొట్లోకి తొంగిచూస్తే చాలు. అక్కడ గోడమేకులకి, పిల్లల తలల కొలతకి వంచిన విల్లోపుల్లల చట్రాలు వేలాడుతూ ఉండేవి. చట్రం ఉన్నవాడు బాగా చదివినట్టు. లేనివాడు చదవనట్టు.

జూన్‌లో బడి మూసే రోజున, ఊరందరి ముందూ, మొదటి బహుమతి వచ్చిన పిల్లల తలమీద పూలకిరీటం పెడతారు. అది అక్కడ తాతలనాటి నుంచీ వస్తున్న మర్యాద. బహుమతి బడి ఇస్తుంది, కిరీటం మాత్రం పిల్లవాడి ఇంటివాళ్ళే తెచ్చుకోవాలి. పచ్చిపూల కిరీటం అడిగిన వెంటనే దొరికేది కాదు గనక ముందుగా చెప్పి కట్టించుకోవాలి. ముందుగా చెప్పాలంటే బహుమతి ఎవరికో ముందే తెలియాలి. తెలియకపోతే ఊహించుకోవాలి. ఈ ఊహించుకోవడంలో డాక్టరుగారింట్లో గానీ, నోటరీగారింట్లో గానీ ఎన్నడూ పొరపాటు జరగలేదు.

ఆ ఏడాది కూడా అందరికన్నా ముందు డాక్టరుగారి భార్య క్లోతిల్డ వచ్చింది.

"జాంఫీరా, మా తిబేరియుకి కిరీటం కావాలి. నిరుటి కొలత పెట్టేవు సుమా, ఈ ఏడు తల పెరిగింది."

"చదువు పెరిగిందన్నమాట, అమ్మగారూ."

"అదీ పెరిగే ఉంటుందిలే."

"పరీక్షలు బాగా రాశాడాండీ?"

"ఇంకా ఎక్కడా! వచ్చేవారం కదూ మొదలు. తెల్ల కార్నేషన్లు వెయ్యి. మధ్యలో ఆ అడవిపూలు దూర్చకు, వాడికి తుమ్ములొస్తాయి."

ఆమె వెళ్ళిన కాసేపటికి నాలుగో తరగతి టీచరు ఒలింపియా వచ్చింది. ఏటా ఈ రోజుల్లో ఒకసారి వచ్చి, మేకులకేసి చూసి, "ఇది ఎవరిది? అది ఎవరిది?" అని అడిగి, గొణుక్కుంటూ పేర్లు గుర్తుపెట్టుకుని వెళ్ళేది. బహుమతి పత్రాలు రాసుకోవాలిగా మరి. పాపం, ఆవిడ చెడ్డ మనిషి కాదు. ముప్పై ఇద్దరు పిల్లలతో, ఒక్క సుద్దముక్కతో, పగిలిన కిటికీతో ఏళ్ళ తరబడి వేగుతున్న మనిషి.

జాంఫీర చాలా ఏళ్ళుగా ఈ తంతు చూస్తూనే ఉంది. ఎప్పుడూ దాన్ని గురించి ఆలోచించలేదు. కానీ ఈ ఏడు ఆమె కూతురు రుక్సాండ నాలుగో తరగతి పూర్తి చేస్తోంది. అయిదో తరగతికి పిల్లల్ని మూడు గదుల్లోకి విడదీస్తారు. కిరీటం పెట్టుకున్నవాళ్ళు 'ఎ' గదికి. అక్కడ లెక్కలు చెప్పేది లియోనిదా మాస్టారు. జిల్లాలో ఆయన్ని మించిన లెక్కల మాస్టారు లేడని చెప్పుకునేవారు. 'బి' గదికి సంగీతం టీచరు లెక్కలు చెప్పేది. బాయిలరు గది మీదుండే 'సి' గదికి డ్రిల్లు మాస్టారు శాండు. ఆయనకి లెక్కలు రావు, రావని ఆయనే నిజాయితీగా చెప్పేవాడు. అందుకని పిల్లలచేత గుంజీలు తీయిస్తూ ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టించేవాడు. రైలు పట్టాల అవతల పేటలో పుట్టినవాళ్ళందరూ ఆ గదిలోనే చదివారు. జాంఫీరా అక్కడే చదివింది. ఆమె మోకాళ్ళు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

"టీచర్‌గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మా రుక్సాండ ఎలా చదువుతోంది?"

ఒలింపియా ఆగింది. "మంచి పిల్ల. అల్లరి చెయ్యదు."

"అది నాకూ తెలుసండీ. చదువు ఎలా ఉందని."

"గోళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి."

"లెక్కలు?"

టీచరు ఒక పియొనీ మొగ్గని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "నిజం చెప్పనా జాంఫీరా? ఎప్పుడూ అడిగి చూడలేదు. ముందు బెంచీలవాళ్ళని అడిగేసరికే గంట కొట్టేస్తారు."

"ఒకవేళ అడిగారనుకోండి. బాగా చెప్పిందనుకోండి. బహుమతి ఇస్తారా?"

"ఎలా ఇస్తానమ్మా? కిరీటం లేని పిల్ల ఊరందరి ముందూ బోడితలతో నిలబడాలా? ఆ ఉసురు నాకెందుకు?"

"మరి కిరీటం ఉంటే?"

"ఉంటే ఇంకేం, ఉన్నట్టే కదా," అంది టీచరు, ఇందులో తెలియనిదేముందన్నట్టు.

జాంఫీర నవ్వబోయింది. టీచరు నవ్వకపోవడం చూసి మానేసింది.

ఆ సాయంత్రం జాంఫీర చర్చిలో దీపాలకి నూనె పోసి, పెరట్లోకి వెళితే ఫాదర్ సోఫ్రోనీ చెట్టుకింద కూర్చుని చెర్రీలు తింటున్నాడు.

"ఫాదర్, నా కూతురికి నేనే కిరీటం కట్టుకుంటే పాపమా?"

"పూలు ఎవరివి?"

"మా పెరట్లోవే."

"ఇంకో పిల్ల తలమీంచి లాక్కున్నావా?"

"అయ్యో, ఎంతమాట."

"అయితే పాపం ఎక్కడుందో నువ్వే చూపించు, నాకు కళ్ళు సరిగా ఆనడం లేదు."

"గర్వం కాదాండీ?"

ఫాదర్ గింజ ఉమ్మాడు. "గర్వం ఉంటే ఎత్తులో ఉంటుంది. నువ్వు తలగుడ్డ కట్టుకుంటే ముడి ఎంత ఎత్తు వస్తుందో, కిరీటం అంతకు మించకుండా చూసుకో. అప్పుడు నీకూ దేవుడికీ పేచీ ఉండదు."

జాంఫీరకి ఆ మాట నచ్చింది. ఇంటికి వెళ్ళి మొగుడు గావ్రిల్‌తో చెప్పింది. గావ్రిల్ బండిచక్రాలు చేసే వడ్రంగి. మొక్కజొన్నపిండి మమలిగ ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాడు ఆగాడు.

"నువ్వే అడిగి, నువ్వే కట్టి, నువ్వే పెడతావా? మరి బడి ఏం చేస్తుందే?"

"చప్పట్లు కొడుతుంది."

"అదీ నిజమే," అని ముద్ద మింగాడు.

రుక్సాండ మాత్రం కూర కెలుక్కుంటూ అడిగింది: "అమ్మా, నాకు నిజంగా మొదటి బహుమతి వస్తుందా?"

"కిరీటం ఉంటే వస్తుందట."

"పరీక్ష రాయకముందే?"

"నువ్వు తిను ముందు," అంది జాంఫీర.

మర్నాడు చిన్న చట్రం ఒకటి మేకుకి ఎక్కింది. ఒలింపియా వచ్చి చూసి, "ఇది ఎవరిది?" అంది.

"మా రుక్సాండదండీ."

"ఎవరు కట్టమన్నారు?"

"నేనే."

"ఎవరికి చెప్పావు?"

"నాకే చెప్పుకున్నాను. సరే, కడతానన్నాను."

టీచరు నోరు తెరిచింది. ఇలా కుదరదని అనడానికి ఒక కారణం కావాలి. ఆ కారణం చెబితే మిగతా మేకులకి వేలాడుతున్నవి ఏ కారణంతో వేలాడుతున్నాయో కూడా చెప్పాల్సి వస్తుంది. పాపం, అంత దూరం ఆలోచించి నోరు మూసుకుంది. పేరు గుర్తుపెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సంగతి రైలు గేటు తెరిచేలోగా పేటంతా పాకింది. పొద్దెక్కకముందే ఎదురింటి ఇలింక పరిగెత్తుకొచ్చింది.

"ఏమే జాంఫీరా, నీ కూతురికి ఒక్కదానికేనా తల ఉన్నది? మా పాంఫిల్‌కి కూడా కట్టు."

"వదినా, మీ వాడు మంచు కరిగినప్పట్నుంచీ బడి మొహం చూడలేదు కదా."

"చూస్తే మాత్రం వాడి మొహం ఎవరు చూశారులే! గొర్రెలైనా గుర్తుపడుతున్నాయి వాణ్ణి. ఇదుగో వాడి టోపీ, కొలత తీసుకో."

ఇలింక వెనకే మరొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. కాదనడానికి జాంఫీరకి నోరు రాలేదు. తన కూతురికి కట్టుకున్నది పక్కింటి పిల్లకి ఎందుకు కట్టకూడదు? వారం తిరిగేసరికి గోడకి మేకులు చాలక తలుపుకి కూడా కొట్టాల్సి వచ్చింది. నాలుగో తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో అన్ని చట్రాలు అక్కడ ఊగుతున్నాయి. ఊరి చరిత్రలో అంత చదువు ఒక్కచోట ఎప్పుడూ వేలాడలేదు.

క్లోతిల్డ ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇవన్నీ... మొదటి బహుమతులే?"

"అవునండీ, దేవుడి దయవల్ల."

"మావాడిది జానెడు ఎత్తు పెంచు."

ఆమె అలా వెళ్ళిందో లేదో నోటరీగారి భార్య వచ్చింది. "డాక్టరుగారి వాడిది ఎంత ఎత్తు? దానిమీద ఇంకో జానెడు వెయ్యి మా యోలాందాకి." ఆ మాట క్లోతిల్డకి చేరింది. ఆమె మళ్ళీ వచ్చింది. ఇలా ఇద్దరూ మెట్లమీద ఎదురుపడకుండా వంతులవారీగా వస్తూ పోతూ, చివరికి తిబేరియు కిరీటానికి విల్లోపుల్లలు ఆగక గావ్రిల్ చేత బండిచక్రం పట్టా వేయించాల్సి వచ్చింది. దానిమీద గోపురం, గోపురం మీద ఇత్తడి గంట. యోలాందా కిరీటం కొసన పెళ్ళిళ్ళలో పట్టుకునేంత పొడుగు కొవ్వొత్తి.

"ఈ బరువు పిల్లాడి మెడ ఆగుతుందా అమ్మగారూ?" అని గావ్రిల్ అడిగాడు.

"ఆగకపోతే వెనకనుంచి ఎవరైనా పట్టుకుంటారు. వాడికి అన్నీ అలాగే కదా జరిగేది," అంది క్లోతిల్డ, మురిపెంగా.

ఊళ్ళో పూలు అయిపోయాయి. పియొనీలు, గులాబీలు, కార్నేషన్లు అన్నీ పట్టాల ఇవతలి కిరీటాలకే చాలలేదు. అవతలి వాటికి జాంఫీర అడవిచేమంతులు, గసగసాల పువ్వులు, సోయాకూర పువ్వులు, బంగాళాదుంప పువ్వులు కూడా దూర్చింది. పాంఫిల్ కిరీటానికి ఉల్లిపువ్వులే మిగిలాయి. కూతురిది అన్నిటికన్నా చివర కట్టింది. తెల్ల క్లోవర్ పూలతో, సరిగ్గా తలగుడ్డ ముడి ఎత్తుకి. కట్టేటప్పుడు చెయ్యి ఒకసారి ఆగింది. ఇంకో బెత్తెడు పెంచితే ఎవరు అడుగుతారు? అందరి కిరీటాలూ కట్టేది తానే కదా. ఫాదర్ మాట గుర్తొచ్చి, శిలువ వేసుకుని, దారం ముడి వేసి తెంపేసింది.

బడి మూసే రోజు ఎండ మాడుతోంది. ఆవరణలో నాలుగో తరగతి పిల్లలు వరసగా నిలబడ్డారు. ఒక్క బోడితల లేదు. తిబేరియు వెనక వాళ్ళ తోటమాలి గడ్డి ఎత్తే పంగలకర్రతో కిరీటాన్ని ఎత్తిపట్టి నిలబడ్డాడు. యోలాందా నెత్తిన కొవ్వొత్తి వెలుగుతోంది. పట్టాలవతలి పిల్లల చుట్టూ తేనెటీగలు తిరుగుతున్నాయి. అందరూ వచ్చారు, పాంఫిల్ ఒక్కడే రాలేదు. గొర్రెల్ని ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదట. వాడి ఉల్లిపువ్వుల కిరీటం జాంఫీర బుట్టలోనే ఉండిపోయింది.

ఒలింపియా ఒక్కొక్క పేరూ చదివింది. ప్రతి పేరుకీ మొదటి బహుమతి. చప్పట్లు కొట్టి కొట్టి జనం చేతులు మంటెత్తాయి. తరవాత పెద్ద టీచరమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది.

"ఈ బడిలో ఇంతవరకూ జరగనిది ఈ రోజు జరిగింది. నాలుగో తరగతి మొత్తం మొదట వచ్చింది. అందుచేత అందరూ 'ఎ' గదికే!"

 ఇలింక జాంఫీర వీపుమీద ఒక్క చరుపు చరిచింది. రుక్సాండ కిరీటం సర్దుకుంది.

"అయితే," అంది పెద్ద టీచరమ్మ, "'ఎ' గది చిన్నది, ముప్పై ఇద్దరూ అందులో పట్టరు. కనక 'ఎ' ఒకటి, 'ఎ' రెండు, 'ఎ' మూడు అని విడదీస్తున్నాం. ఒకటికి లియోనిదాగారు, రెండుకి సంగీతం టీచరు, మూడుకి శాండుగారు."

"ఎలా విడదీస్తారండీ?" అని ఎవరో అరిచారు.

పెద్ద టీచరమ్మకి అది ముందుగా తోచలేదు. వరసకేసి చూసింది. వరసలో కంటికి కనపడే తేడా ఒక్కటే ఉంది.

"కిరీటం ఎత్తును బట్టి," అంది.

 జాంఫీర ఫాదర్ సోఫ్రోనీ కోసం చూసింది. ఆయన మబ్బులకేసి తదేకంగా చూస్తున్నాడు.

కొలత మొదలుకాకముందే గొడవ మొదలైంది. గంటతో కలిపి కొలవాలని క్లోతిల్డ, గంట పువ్వు కాదని నోటరీగారి భార్య.

"గంట పువ్వు కాకపోతే కొవ్వొత్తి కూరగాయా?" అని క్లోతిల్డ.

"తొందరగా తేల్చండి! మాది కరిగిపోతోంది!" అని నోటరీగారి భార్య గోలపెట్టింది. నిజంగానే మాట మాటకీ యోలాందా ఎత్తు తగ్గిపోతోంది. ఒలింపియా కొలబద్ద పట్టుకుని ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతోంది.

అప్పుడు వరస చివరనుంచి సన్నని గొంతు వినిపించింది.

"ముందు కొవ్వొత్తి ఆర్పండి. తరవాత నుదుటిమీంచి కొస దాకా అందరిదీ కొలవండి. పువ్వులు కానివి విడిగా కొలిచి, అందులోంచి తీసెయ్యండి."

అందరూ తలతిప్పారు. మాట్లాడింది రుక్సాండ.

"తీసెయ్యడం అంటే?" అంది ఒలింపియా, చెమట తుడుచుకుంటూ.

"ఇలా ఇవ్వండి టీచర్."

ఎవరూ కాదనలేదు. అంత పొట్టి కిరీటం ఉన్న పిల్లకి ఎవరితోనూ పోటీ లేదు గనక అన్యాయం చెయ్యదని ఇద్దరమ్మగార్లూ ఒప్పుకున్నారు. రుక్సాండ కుర్చీ ఎక్కి, కొలబద్ద పెట్టి, ఒక్కొక్కటే కొలిచి గట్టిగా చెప్పింది. "తిబేరియు. మూరన్నర, గంట రెండు బెత్తెళ్ళు, తీసేస్తే మూరా బెత్తెడు." బెత్తెళ్ళు జానల్లోకి, జానలు మూరల్లోకి నోటితోనే మార్చేసింది. ఎక్కడా తడుముకోలేదు. జాంఫీర నోరు తెరుచుకుని చూస్తోంది. తన కూతురికి లెక్కలు వస్తాయో రావో ఆమెకీ ఆ క్షణందాకా తెలియదు. అడిగి చూడడం ఆమెకీ తోచలేదు మరి.

చివరికి రుక్సాండ తన కిరీటం తీసి, కుర్చీమీద పెట్టి కొలుచుకుంది.

"బద్ద కాస్త పైకి పట్టుకోవే తల్లీ!" అని జాంఫీర నోరు జారింది.

"పట్టుకుంటే తప్పు వస్తుందమ్మా," అని, పిల్ల గట్టిగా చెప్పింది: "రుక్సాండ. బెత్తెడు. మూడో గది."

లిండెన్ చెట్టు కింద బెంచీమీద టోపీ మొహానికి అడ్డంపెట్టుకుని నిద్రపోతున్న పెద్దాయన లేచి కూర్చున్నాడు. లియోనిదా మాస్టారు.

"ఎవరా తీసివేతలు చేస్తున్నది?"

"పూలమ్మే జాంఫీర కూతురండీ," అంది ఒలింపియా.

"ఈ బడిలో నన్ను నిద్రలేపిన మొదటి తీసివేత అది. ఏ గది?"

"మూడు."

"అయితే నేను మూడో గదికి చెబుతాను."

పెద్ద టీచరమ్మ ఛాతీమీద చెయ్యి వేసుకుంది. "మీరు మొదటి మాస్టారు, లియోనిదాగారూ! మొదటి మాస్టారు మొదటి గదికి."

"నేను మొదటివాణ్ణని ఎవరన్నారు? నా కిరీటం ఏది?" అంటూ ఆయన టోపీ తీశాడు. బట్టతల ఎండలో తళతళ మెరిసింది. వేళాకోళానికే అన్నాడు. నలుగురూ నవ్వారు.

జాంఫీర నవ్వలేదు. బుట్టలో పాంఫిల్ కిరీటం ఉంది. డ్రిల్లు మాస్టారు శాండు గేటు దగ్గర, ఎవరూ చూడని చోట, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎన్నేళ్ళుగానో ప్రతి జూన్‌లోనూ అక్కడే నిలబడతాడు. పూలు ఎవరూ ఇవ్వరు. ఆమె ఆవరణ దాటి నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"వంగండి మాస్టారూ."

"ఎందుకమ్మా?" అంటూనే అలవాటుకొద్దీ గుంజీ తీసినట్టు వంగాడు. జాంఫీర ఉల్లిపువ్వుల కిరీటాన్ని ఆయన తలమీద పెట్టింది.

 పంగలకర్ర పట్టుకున్న తోటమాలి కూడా తల తిప్పి చూశాడు. తరవాత జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఎవరి తలమీద పువ్వులు పడ్డా చప్పట్లు కొట్టడం వాళ్ళ చేతులకి అలవాటైపోయింది.

అందరికన్నా ముందు తేరుకున్నది క్లోతిల్డ. "చూశారా! కిరీటం వచ్చింది శాండుగారికి! మరి మా వాడికి ఆ బోడితల మాస్టారా? మూరన్నర కిరీటం కట్టించింది ఇందుకా?"

"గంట తీసేస్తే మూరా బెత్తెడే," అంది నోటరీగారి భార్య. "కానీ మాట మాత్రం సబబే. కిరీటం ఉన్న మాస్టారు మాకే కావాలి."

"నాకు లెక్కలు రావండీ," అన్నాడు శాండు. ఆయన చెంపలమీద కన్నీళ్ళు కారుతున్నాయి, కొంత సంతోషం, కొంత ఉల్లిపువ్వు.

"ఎంత వినయం!" అంది క్లోతిల్డ. "పెద్దవాళ్ళంతా ఇలాగే అంటారు."

పెద్ద టీచరమ్మ ఒకసారి శాండు తలనీ, ఒకసారి లియోనిదా తలనీ చూసింది. తన నోటితో తానే పెట్టిన నియమం. దాన్ని ఇప్పుడు కాదంటే ముప్పై ఒక్క కిరీటాల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

"శాండుగారు ఒకటి. లియోనిదాగారు మూడు," అని చెప్పి కూర్చుంది.

సెప్టెంబరులో బడి తెరిచారు. మొదటి గది నుంచి ఒకటి, రెండు, మూడు అని గంభీరంగా లెక్క వినిపించేది, కింద గచ్చు అదిరేది. శాండు మాస్టారు ఆ ఎండిన కిరీటాన్ని బల్లకి ఎదురుగా గోడకి తగిలించుకున్నాడు. ఇంతకుముందెన్నడూ లేనంత శ్రద్ధగా పాఠం చెప్పేవాడు, అంటే ఇంకొన్ని గుంజీలు ఎక్కువ తీయించేవాడు. బాయిలరు మీది గదిలో లియోనిదా మాస్టారు వెనక బెంచీతో మొదలుపెట్టి ముందుకు వస్తూ ప్రశ్నలు అడిగేవాడు. ముందు బెంచీ దాకా వచ్చేసరికి గంట కొట్టేవారు. చలి మొదలై గొర్రెలు దొడ్లోకి చేరాక పాంఫిల్ కూడా వచ్చి కూర్చున్నాడు. వాణ్ణి ఏమడిగినా గొర్రెల్లో జవాబు చెప్పేవాడు. చాలాసార్లు సరిగానే ఉండేది.

జాంఫీర సంతోషం అక్టోబరు దాకా నిలిచింది. అప్పుడు తెలిసింది, మధ్యాహ్నాలు లియోనిదా మాస్టారు డాక్టరుగారింటికి వెళ్ళి తిబేరియుకీ, యోలాందాకీ విడిగా పాఠం చెబుతున్నాడని. ఆ మాట తీసుకుని ఫాదర్ సోఫ్రోనీ దగ్గరికి వెళ్ళింది.

"ఫాదర్, పొద్దున మన పిల్లలకి చెప్పిందే మధ్యాహ్నం వాళ్ళకీ చెబుతున్నారట. వాళ్ళకి రెండు గదులు, మనకి ఒకటి. ఇదేం న్యాయం?"

"మరి నిరుడు మీకు ఎన్ని గదులు?"

"ఒక్కటీ లేదు."

"హూ," అన్నాడు ఫాదర్. మెల్లగా గడ్డం నిమురుకున్నాడు. "ఆ తలగుడ్డ ముడి మాట నేను చెప్పకుండా ఉండాల్సింది, జాంఫీరా. దేవుడికి ఎత్తు పట్టింపు లేదు. బడికి ఉందని నాకు గుర్తురాలేదు." అని లేచి, ఆమె తెచ్చిన కొవ్వొత్తిని తనే వెలిగించాడు.

ఆ సాయంత్రమే క్లోతిల్డ కొడుకుని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చింది. తిబేరియు కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు, పిక్కలు పట్టేసినట్టు. వచ్చి బకెట్ల మధ్య రుక్సాండ పక్కన చతికిలబడ్డాడు.

"మీకు భిన్నాలు వచ్చాయా?" అని గుసగుసగా అడిగాడు.

"వచ్చాయి. మీకు?"

"మధ్యాహ్నం చెబుతారు గానీ, అప్పటికి నిద్రొస్తుంది. జూన్‌లో గంట మోసి మెడ నొప్పెట్టింది, ఇప్పుడు కాళ్ళు."

రుక్సాండ తడిగచ్చుమీద వేలితో గీత గీసి, గీతపైన ఒకటి, కింద రెండు వేసి చూపించడం మొదలుపెట్టింది. జాంఫీర ఆ వంచిన రెండు తలలకేసి చూసింది. ఈ పిల్లాడి తల కూడా దేవుడు ఇచ్చిందే. దానిమీద బండిచక్రం పెట్టమని ఎవరు అడిగారు? పెట్టింది మాత్రం తన చేతులే.

"వచ్చే జూన్‌కి ఇప్పుడే చెప్పేస్తున్నాను," అంది క్లోతిల్డ. "తరవాత మేకులు దొరకవు. మావాడిది రెండు మూరలు. అవతలి వాళ్ళవి ఎంతెత్తు వస్తున్నాయో నాకు కబురు పెట్టు."

జాంఫీర పెద్ద చట్రం ఒకటి తీసి మేకుకి తగిలించింది. అది వదిలి, చిన్న చట్రం చేతిలోకి తీసుకుంది.

"రుక్సా, నీది ఈసారి ఎంతెత్తు కట్టనే?"

పిల్ల గచ్చుమీంచి తలెత్తకుండానే చెప్పింది.

"ముందు పరీక్ష అవ్వనీ అమ్మా."

క్లోతిల్డ పకపకా నవ్వింది. "పిల్లలకి ఏం తెలుస్తుంది!" అని కొడుకుని లేవదీసుకుని వెళ్ళిపోయింది. తిబేరియు వెనక్కి తిరిగి గచ్చుకేసి చూస్తూనే వెళ్ళాడు.

జాంఫీర చిన్న చట్రాన్ని కాసేపు చేతిలో తిప్పింది. మేకుకేసి చూసింది. తరవాత దాన్ని బల్లకింద పూలకత్తెర పక్కన పెట్టి, గచ్చుమీద తడి ఆరేలోగా ఆ గీతకి అర్థమేమిటో చెప్పమని కూతురి పక్కన కూర్చుంది.